గడప ఎవరిది?



మన విచారణల్లో కొందరు పెద్దలు ఈమధ్య ఒక చిత్రమైన సందేహం అడుగుతున్నారు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో న్యూయార్క్ నగరంలో చిన్న ఇల్లు కొన్నామని ఫోనులో చెబుతారు. ఒక హాలు, ఒక పడకగది, ఒక వంటగది. సంతోషమే. కాని తరువాతి మాటలు వినేసరికి ఇక్కడ జనగామలోనో మానుకోటలోనో ఉన్న తండ్రికి గుండె గుభేలుమంటుంది. "ఇంటికి పట్టా ఉండదట. కాగితాల్లో ఇల్లు మనోడి పేరు మీద ఉండదట. కొనేముందు అదే భవనంలో ఉండేవాళ్లు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగిండ్రట. వాళ్లు సరేనంటేనే ఇల్లు దక్కిందట. రేపు అమ్ముకోవాలన్నా కొనేటోణ్ణి వాళ్లే ఒప్పుకోవాలట. ఇంత డబ్బు పోసి కొన్నది సొంత ఇల్లా, కిరాయి కొంపా?"

నవ్వి వదిలేయదగ్గ ప్రశ్న కాదిది. సొంతం అంటే ఏమిటి, ఇల్లు ఎంతవరకు మనది, మన గడప లోపలికి ఎవరు రావాలో నిర్ణయించే హక్కు ఎవరిది అన్న పెద్ద ప్రశ్నలు ఇందులో దాగి ఉన్నాయి. అవి న్యూయార్క్‌లో ఆగవు. మన వీధిలో వేలాడే టులెట్ బోర్డు దాకా వస్తాయి. అందుకే ఈ వారం దీన్ని మీతో కలిసి ఆలోచించదలచాను.

ఆ ఇంటి సంగతి

రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన భవనాలను న్యూయార్క్‌లో "యుద్ధానికి ముందటివి" అని ప్రత్యేకంగా చెప్పుకుంటారు. మనం "డంగుసున్నపు ఇల్లు" అన్నప్పుడు గొంతులో పలికే గౌరవమే ఆ మాటలోనూ ఉంటుంది. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, చెక్కతో పరచిన నేల. గదులు తక్కువైనా కట్టుబడి గట్టిది.

ఆ నగరంలోని క్వీన్స్ భాగంలో జాక్సన్ హైట్స్ అనే పేట ఇందుకు మంచి ఉదాహరణ. 1909లో క్వీన్స్‌బరో వంతెన తెరిచాక, ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే ఆయన నడిపిన కంపెనీ అక్కడి పొలాలను కొని ఇటుక భవనాలు కట్టించింది. భవనాలన్నీ వీధుల అంచున ఉంటాయి. వాటి నడుమ, లోపల, అందరికీ కలిపి ఒక తోట ఉంటుంది. వీధి రద్దీకి వెన్ను తిప్పి తోట వైపు ముఖం పెట్టిన ఇండ్లన్నమాట. 1920ల నాటికి అక్కడి ఫ్లాట్లను సహకార పద్ధతిలో అమ్మారు.

సహకార పద్ధతి అంటే ఏమిటి? భవనమంతా ఒక సంస్థ పేరున ఉంటుంది. కొనేవాడు ఆ సంస్థలో కొన్ని వాటాలు కొంటాడు. ఆ వాటాలతో పాటు, ఫలానా అంతస్తులో ఫలానా ఫ్లాటులో నివసించే హక్కును దీర్ఘకాలపు కౌలు పత్రంగా అతనికి రాసి ఇస్తారు. నెలనెలా అందరూ తమ వంతు సొమ్ము చెల్లిస్తారు. భవనం మీది పన్ను, భవనం మీద అప్పు ఉంటే దాని వాయిదా, చలికాలంలో గదుల్ని వేడిగా ఉంచే ఖర్చు, పనివాళ్ల జీతాలు, మరమ్మతులు అన్నీ అందులోనుంచే. సభ్యులు తమలోనుంచే ఒక బోర్డును ఎన్నుకుంటారు. ఎవరైనా ఫ్లాటు అమ్ముకోదలిస్తే, కొనవచ్చిన మనిషి జీతం, అప్పులు, నడవడిక గురించి బోర్డు విచారిస్తుంది, పిలిచి మాట్లాడుతుంది. నచ్చితే సరేనంటుంది. నచ్చకపోతే కాదంటుంది. కారణం చెప్పకుండానే కాదనడం చాలాకాలంగా అక్కడ ఆనవాయితీ.

కనుక ఆ తండ్రి భయపడినదాంట్లో నిజం లేకపోలేదు. కొడుకు కొన్నది గోడల్ని కాదు. కొన్నది ఒక వాటా, ఒక కౌలు. మరి అది తక్కువ రకం సొంతమా?

ఉండటం వేరు, కలిగి ఉండటం వేరు

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన జిల్లాలు దాటిపోనక్కరలేదు. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్లలో కాపురం చేసిన కుటుంబాలను అడగండి. ఆ క్వార్టర్ కంపెనీది. పదవీ విరమణ రోజు రాగానే తాళం అప్పగించాలి. అయినా అక్కడే పిల్లలు పుట్టారు, అక్కడే నడక నేర్చారు, ఆ గుమ్మంలోనే పెండ్లి పందిళ్లు లేచాయి. డోర్నకల్, కాజీపేట రైల్వే క్వార్టర్లలోనూ అదే కథ. కలిగి ఉండకుండానే మనిషి ఒక ఇంట్లో నిండుగా బ్రతకగలడు.

కల్లుగీత సహకార సంఘాలను చూడండి. తాటిచెట్టు ఎవరి పొలం గట్టునో ఉంటుంది. దాన్ని గీసే హక్కు సంఘం ద్వారా గీత కార్మికునికి వస్తుంది. చెట్టును నరికి అమ్ముకోలేడు, కాని ఆ చెట్టు మీద అతని బ్రతుకు నిలబడి ఉంటుంది. "ఇది నా చెట్టు" అని అతడంటే అబద్ధమని ఎవరూ అనరు.

పాలకుర్తి అయిలమ్మను గుర్తు చేసుకోండి. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్ ఆమె పంటను కాజేయజూసినప్పుడు ఆమె సాగు చేస్తున్నది కౌలు భూమి. పట్టా పేరు చూపి గెలిచే దారి ఆమెకు లేదు. ఆమెకున్నది కౌలు, చెమట. సంఘం అండతో ఆ పంట దొర గడీకి పోకుండా ఆమె ఇంటికే చేరింది. ఆ పోరాటాన్ని మెచ్చుకునే మనం, కౌలు హక్కు అసలు హక్కే కాదని ఎలా అనగలం?

అంటే సొంతమనే మాటలో రెండు పోగులు పేనుకొని ఉన్నాయి. ఒకటి, వస్తువును చూసుకునే, కాపాడే, ఇచ్చే పుచ్చుకునే అధికారం. రెండవది, దాన్ని అనుభవించడం. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో ఈ రెండింటినీ విడదీసి చూశాడు. ఆస్తి ఎవరికి వారిదిగా ఉండటం మేలే, కాని దాని అనుభవం మిత్రుల నడుమ ఉన్నట్టు కలిసి ఉండాలన్నాడు. 13వ శతాబ్దంలో పునీత తోమస్ అక్వినాస్ గారు ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకుపోయారు. ఆస్తి వ్యక్తుల చేతుల్లో ఉండటానికి ఆయన మూడు కారణాలు చూపారు. తనదైన దాన్ని మనిషి శ్రద్ధగా చూసుకుంటాడు. ఎవరి బాధ్యత ఏమిటో స్పష్టంగా ఉంటుంది. తగవులు తగ్గుతాయి. కాని అనుభవించే విషయానికి వచ్చేసరికి, మనిషి తన సొత్తును తనకొక్కడికే అనుకోరాదని, అవసరంలో ఉన్నవానితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలని ఆయన తేల్చారు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. సొంత ఆస్తి పనికిరానిదని దీని అర్థం కాదు. పవిత్ర గ్రంథంలో నాబోతు ద్రాక్షతోట కథ మీకు తెలుసు. ఆహాబు రాజు అడిగితే పితరుల భూమిని ఇవ్వనన్నాడు నాబోతు. ఆ చిన్న తోటను కాజేయడానికి అబద్ధపు సాక్షులు, హత్య అవసరమయ్యాయి. పేదవానికి తనదంటూ ఒక చెక్క నేల ఉండటం రాజు ముందు అతనికి నిలబడే బలాన్నిస్తుంది. 1891లో పదమూడవ లియో జగద్గురువులు కార్మికుల గురించి విశ్వలేఖ రాసినప్పుడు, శ్రామికుడు తన కూలిలోనుంచి మిగుల్చుకొని కొంత సొంత ఆస్తి సంపాదించుకోగలగాలని కోరింది కూడా ఇందుకే. సొంతం పేదవానికి గోడ వంటిది. ఐతే గోడకు తలుపు ఉండాలి. తలుపు లేనిది ఇల్లు కాదు, సమాధి.

ఇప్పుడు ఆ ఒక్క పడకగది ఇంటి దగ్గరికి మళ్లీ పోదాం. దాన్ని అమ్మేవారు ఏమని చెబుతారు? ప్రశాంతమైన పేట అంటారు. ఒక్క క్షణం ఆలోచించండి. ప్రశాంతత ఎవరి సొత్తు? అమ్మేవాడిదా, కొనేవాడిదా? పైఅంతస్తు ఆయన రాత్రి పదింటికి రేడియో చప్పుడు తగ్గిస్తేనే ఆ ప్రశాంతత. పక్కింటి తల్లి పిల్లల్ని తోటలో ఆడిస్తేనే ఆ ప్రశాంతత. కింది ఫ్లాటు ముసలమ్మ మెట్ల మీద చెత్త పడేయకపోతేనే ఆ శుభ్రత. ఇంటి ధరలో సగం విలువ దేనివల్ల వచ్చిందో, అది కొన్నవాని చేతిలో లేదు, ఇరుగుపొరుగు చేతిలో ఉంది.

మన ఇంటికీ అంతే కదా! పట్టా మన పేరున ఉండవచ్చు. కాని రాత్రి నిశ్చింతగా నిద్రపోవడం పక్కింటివాళ్ల దయ. ఎండాకాలం బోరు ఎండిపోతే పక్క బావి దిక్కు. ఇంట్లో చావు జరిగితే మొదట పరుగెత్తుకొచ్చేది దూరపు చుట్టం కాదు, పక్కింటి అక్క. కనుక సహకార ఇల్లు వింత ఇల్లేమీ కాదు. ప్రతి ఇంటి గురించి నిజమైనదాన్ని అది కాగితం మీద పెట్టింది, అంతే. మనమందరం వాటాదారులమే. ఆ తండ్రికి నేను చెప్పే జవాబు ఇదే: మీ అబ్బాయి తక్కువ రకం సొంతాన్ని కొనలేదు. సొంతం అసలు రూపాన్ని కొన్నాడు.

గడప దగ్గర వచ్చే చిక్కు

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ముగుస్తుంది. కాని అసలు చిక్కు ఇప్పుడే మొదలవుతుంది. ఇల్లు కొంత ఇరుగుపొరుగుదైతే, ఇరుగుపొరుగుగా ఎవరు రావాలో చెప్పే హక్కు కూడా వారికి వస్తుంది. వాటా పంచుకునేవాడు తలుపు మూయగలడు కూడా.

జాక్సన్ హైట్స్‌లో అదే జరిగింది. అందమైన తోటల చుట్టూ కట్టిన ఆ ఇండ్లలోకి తొలి దశాబ్దాల్లో నల్లజాతివారిని, యూదులను రానివ్వలేదు. లోపల తోట అందరిదే, కాని ఆ "అందరూ" ఎవరో ముందే ఏరుకున్నారు. 1965లో అమెరికా వలస చట్టం మారి మనవాళ్లు అక్కడికి పోవడం మొదలైంది. 1968లో వచ్చిన చట్టం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు నిరాకరించడాన్ని చట్టవిరుద్ధం చేసింది. అదే పేటలో 74వ వీధి ఇప్పుడు చీరెల దుకాణాలకు, మిఠాయి కొట్లకు పేరుపడింది. 1993లో నగరం ఆ పేటను చారిత్రక ప్రాంతంగా ప్రకటించి కాపాడుతోంది. ఒకప్పుడు తలుపులు మూసిన భవనాల్లో ఇప్పుడు లోకంలోని నలుమూలలవారూ ఉంటున్నారు. భవనాలు కూలిపోలేదు. తోటలు ఎండిపోలేదు.

మన దేశానికి వద్దాం. బొంబాయిలోని గాందేవిలో 1915లో సారస్వత్ సహకార గృహ సంఘం ఏర్పడింది. సంఘమే భవనాలకు యజమానిగా ఉండి సభ్యులు ఫ్లాట్లలో ఉండే పద్ధతికి మన దేశంలో మార్గం చూపినది అదే. కిరాయిలు మండిపోతున్న నగరంలో నడిమితరగతి కుటుంబాలకు నిలవనీడ చూపిన మంచి పని అది. కాని పేరులోనే ఉంది చూడండి. అది ఒక సామాజిక వర్గం వారు తమకోసం కట్టుకున్న సంఘం. సహకార గృహాల ఉద్యమం మన దేశంలో తొలి అడుగులు వేస్తున్నప్పుడే కులం కూడా పక్కన నడిచింది.

తరువాత 2005లో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అహ్మదాబాద్‌లోని ఒక పార్శీల సహకార గృహ సంఘం, పార్శీలు తప్ప ఇతరులు సభ్యులు కారాదని నియమం పెట్టుకుంది. ఆ నియమం చెల్లుతుందని కోర్టు తీర్పు చెప్పింది. సంఘంలో చేరినవాడు ఆ షరతుకు ఒప్పుకొనే చేరాడని, వివక్ష కూడదన్న రాజ్యాంగ నిబంధన ప్రభుత్వాన్ని కట్టేస్తుంది కాని ఇటువంటి సంఘాన్ని కాదని దాని సారాంశం.

చట్టం ఆ మాట చెప్పింది. కాని చట్టం ఒప్పినదంతా మనస్సాక్షి ఒప్పుతుందా? ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పరాదు. రెండు వైపులా ఉన్న నిజాన్ని చూడాలి.

అడగదగిన ప్రశ్న, అడగరాని ప్రశ్న

సహకార సంఘం కొత్తవారి గురించి విచారించడం దానికదే తప్పు కాదు. ఒకడు వాయిదా ఎగ్గొడితే ఆ భారం మిగతావారి మీద పడుతుంది. మన మహిళా పొదుపు సంఘాల్లో అక్కలు ఇది బాగా ఎరుగుదురు. కొత్త సభ్యురాలిని చేర్చుకునేటప్పుడు, ఈమె అప్పు తీర్చగలదా, మాట నిలుపుకుంటుందా అని అడగరా? అడగాలి. ముల్కనూరు సహకార సంఘం 1956 నుండి నిలబడిందంటే, ఇచ్చిన అప్పును తిరిగి కట్టాలన్న పట్టుదల అందులో ఉన్నందుకే. నమ్మకం లేనిచోట వాటా లేదు.

కాని ఒక ప్రశ్నకు, మరొక ప్రశ్నకు తేడా ఉంది. "నెలనెలా కట్టగలవా? రాత్రిపూట గొడవ చేయకుండా ఉంటావా? మెట్లు శుభ్రంగా ఉంచుతావా?" ఇవి మనిషి చేసే పనుల గురించిన ప్రశ్నలు. వీటికి అతడు మాట ఇవ్వగలడు, ఆ మాట నిలబెట్టుకొని చూపగలడు. "నీది ఏ కులం? ఏ మతం? ఏ ఊరు, ఏ తండా?" ఇవి అతని పుట్టుక గురించిన ప్రశ్నలు. వీటికి అతడు ఏ జవాబు చెప్పినా తనను తాను మార్చుకోలేడు. మొదటి రకం ప్రశ్న మనిషిని బాధ్యతకు పిలుస్తుంది. రెండవ రకం ప్రశ్న అతనికి నోరు లేకుండా చేస్తుంది.

సహకార ఉద్యమం సొంత సూత్రాల్లో కూడా ఈ మాట ఉంది. ఇంగ్లాండులోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో శ్రామికులు మొదలుపెట్టిన సంఘం నుండి వచ్చిన సంప్రదాయంలో, సభ్యత్వం అందరికీ తెరచి ఉండాలన్నది ముఖ్యమైన నియమం. 1995లో అంతర్జాతీయ సహకార కూటమి తన ఏడు సూత్రాలను ప్రకటించినప్పుడు దాన్నే మొదటి సూత్రంగా నిలిపింది. స్త్రీ పురుష భేదం, సామాజిక స్థితి, జాతి, రాజకీయం, మతం అనే తేడాలు చూపకుండా, బాధ్యతకు ఒప్పుకునే ప్రతివారికీ ద్వారం తెరచి ఉండాలన్నది దాని భావం.

"మరి పార్శీలవంటి కొద్దిమంది కలిసి బ్రతకాలని కోరుకోవడం తప్పా?" అని మీరు అడగవచ్చు. మన గ్రామాల్లోనూ గుడి చుట్టూ మనవాళ్ల వాడ ఉంటుంది, గంట వినిపించే దూరంలో ఉండాలని మనకూ ఉంటుంది. ఆ కోరికను నేను తక్కువ చేయను. తమ భాష, తమ ప్రార్థన, తమ పండుగ అంతరించిపోకుండా కొద్దిమంది ఒకచోట చేరడం వేరు. ఊరంతా తమదైన వారు ఒక్కణ్ణి బయట నిలబెట్టడం వేరు. ఈ రెండింటినీ ఒకే తూకం వేయరాదు. తూకం తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకుంటే చాలు: మనం తలుపు మూస్తే ఆ మనిషి ఎక్కడికి పోతాడు?

1979లో అమెరికా మాజీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్‌కు న్యూయార్క్‌లో ఒక సహకార భవనం వారు ఫ్లాటు ఇవ్వమన్నారు. ఆయన వెళ్లి అదే నగరంలో ఒక పెద్ద ఇల్లే కొనుక్కున్నాడు. మాజీ అధ్యక్షునికి మూసుకున్న తలుపు ఒక అవమానం మాత్రమే. అదే తలుపు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆయమ్మకు మూసుకుంటే? ఆమెకు అది నిద్ర లేని రాత్రి, రెండు బస్సులు మారే ప్రయాణం, పిల్లవాని చదువు. తలుపు ఒకటే. బరువు మాత్రం ఒకటి కాదు.

మన వీధిలోని టులెట్ బోర్డు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. కార్యాలయాలు వచ్చాయి, వాటితో ఉద్యోగులు వచ్చారు. చదువుకోసం పిల్లలు, ఆసుపత్రుల్లో నర్సులు, బొగ్గు బావులకు కార్మికులు వస్తున్నారు. మన కుటుంబాల్లో ఎందరో ఉన్నదానిలోనుంచి మిగుల్చుకొని, పైన రెండు గదులు వేసుకొని కిరాయికి ఇస్తున్నారు. కష్టపడి కట్టుకున్న గదులు. ఆ కిరాయితో బిడ్డ ఫీజు కడుతున్నారు. మంచిదే.

మరి ఆ గది అడగవచ్చిన వానిని మనం ఏమని అడుగుతున్నాం? "కిరాయి ఎంత ఇస్తరు?" అనే ప్రశ్నకు ముందు "ఇంటిపేరేంది?" అన్న ప్రశ్న రావడం లేదా? ఇంటిపేరుతో తేలకపోతే "ఏ ఊరు, ఏ వాడ?" అని, దానితోనూ తేలకపోతే "వంట ఎట్ల చేసుకుంటరు?" అని అడగడం లేదా? ఈ ప్రశ్నలన్నీ ఒకే ప్రశ్నకు వేసిన ముసుగులని అడిగేవానికీ తెలుసు, జవాబు చెప్పేవానికీ తెలుసు. మానుకోటకు చదువుకోవడానికి వచ్చిన తండా పిల్లవాడు మూడు వీధులు తిరిగి నాలుగో వీధిలో అబద్ధపు ఇంటిపేరు చెబితే, ఆ అబద్ధంలో సగం పాపం ఎవరిది?

నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇంకొకటి ఉంది. ఈ అనుభవం మనవాళ్లకు కొత్త కాదు. శిలువ గుర్తు చూసి, కులం ఆరా తీసి, "గది నిన్ననే ఇచ్చేసినం" అని చెప్పిన గడపల ముందు మన విశ్వాసులు నిలబడి వెనుదిరిగారు. బయట నిలబడిన నొప్పి తెలిసినవారే లోపలికి వచ్చాక గొళ్లెం పెడితే, ఆ నొప్పి మనకు ఏమి నేర్పినట్టు?

"నా ఇల్లు, నా ఇష్టం" అంటారా? ఇల్లు మీదే, కాదనను. దాన్ని చూసుకునే అధికారం మీదే. కాని మీకోసం వాడుకునే గది వేరు, కిరాయికని బోర్డు కట్టిన గది వేరు. బోర్డు కట్టిన క్షణంలోనే ఆ గది ఒక అవసరానికి జవాబుగా మారింది. బియ్యం దుకాణం తెరిచినవాడు ఆకలితో డబ్బు తెచ్చినవానిని ఇంటిపేరు అడగడు. నీడ కూడా అన్నం వంటి అవసరమే. నిరాశ్రయుల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 1987లో, ఇల్లులేని సోదరుని గురించి శ్రీసభ న్యాయశాంతి మండలి ఒక పత్రం వెలువరించింది. ఇల్లు అంటే కేవలం అంగడి సరుకు కాదని, కుటుంబంగా మనిషి బ్రతకడానికి కావలసిన మౌలికమైన మేలని అది గుర్తు చేసింది.

"మేమిస్తాం ఫాదర్, కాని ఇరుగుపొరుగు ఊరుకోరు" అనేవారూ ఉన్నారు. ఇది ఉత్త సాకు అని కొట్టిపారేయను. నిజంగానే మాటలు వస్తాయి, రాకపోకలు ఆగిపోవచ్చు. ఒక్కరు నిలబడితే కష్టం. కాని వీధిలో మూడు కుటుంబాలు ఒకే మాట మీద ఉంటే ఆ కష్టం మూడోవంతు అవుతుంది. సహకారం అంటే ఇదే కదా! మంచిని మూసిపెట్టడానికి ఇరుగుపొరుగు ఒకటి కాగలిగితే, తెరవడానికి ఎందుకు కాలేరు?

పనే అర్హతగా

ఇది జరిగే పనేనా అని అనుమానించేవారికి షోలాపూర్ పేరు చెబుతాను. తెలంగాణ జిల్లాల నుండి తరాల క్రితమే మగ్గం వెంట అక్కడికి వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ ఇండ్లలోని స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబాలను సాకారు. ఇరుకు గదుల్లో, అదే గదిలో వంట, అదే గదిలో పొగాకు దుమ్ము, అదే గదిలో పసిపిల్లల నిద్ర. తెలుగు కుటుంబం నుండే వచ్చిన కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం నాయకత్వాన ఆ స్త్రీలు సహకార గృహ సంఘంగా ఏర్పడ్డారు. కేంద్రం వాటా కొంత, రాష్ట్రం వాటా కొంత, బీడీ చుట్టే చేతుల వాటా కొంత. షోలాపూర్ పక్కనున్న కుంభారిలో పదివేల చిన్న ఇండ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా వాటిని అందుకున్నారు. ఆ దారిలోనే తరువాత రేనగర్ పేరుతో ముప్పైవేల ఇండ్లు తలపెట్టగా, 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ వాటిలో పదిహేనువేల ఇండ్లను అందజేశారు.

కుంభారి సంఘంలో చేరడానికి ఆ స్త్రీలు చూపిన అర్హత ఏమిటి? బీడీలు చుట్టడం. చేతుల పనే వారి ఇంటిపేరు అయింది. గాందేవిలో 1915లో మొదలైన దారి, షోలాపూర్‌కు వచ్చేసరికి పుట్టుక నుండి పని వైపుకు మళ్లింది. పేదరాండ్రు వేసిన అడుగు చదువుకున్నవారికి పాఠం కాదా?

చివరగా ఒక మనవి. ఈ ఆదివారం పూజ నుండి ఇంటికి పోయాక కుటుంబమంతా కూర్చొని మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి. మొదటిది, మన ఇంటి సుఖంలో ఇరుగుపొరుగు ఇచ్చిన భాగం ఎంత? వాళ్లు మనకు చేసినవి పేరుపేరునా లెక్కపెట్టండి, పిల్లలు వింటారు. రెండవది, గది అడగవచ్చినవారిని మనం ఏమేమి అడుగుతున్నాం? ఆ ప్రశ్నల్ని ఒక కాగితం మీద రాయండి. చేతల గురించిన ప్రశ్నల్ని ఉంచి, పుట్టుక గురించిన ప్రశ్నల్ని కొట్టివేయండి. మూడవది, మనం కాదన్న చివరి మనిషి ఎక్కడికి పోయి ఉంటాడు?

ఖాళీ గదులున్న కుటుంబాలు మీ విచారణ సలహా సంఘానికి ఒక మాట చెప్పి ఉంచితే, గది కోసం తిరుగుతున్న నర్సుకో విద్యార్థికో ఆ కబురు అందుతుంది. ఇందుకు పెద్ద పథకమేదీ అక్కరలేదు. కిరాయి తీసుకోండి, నియమాలు పెట్టండి, నియమం తప్పితే ఖాళీ చేయమనండి. అవన్నీ మీ హక్కులు. గడప మీద నిలబడిన మనిషికి మాత్రం అతని పుట్టుకను శిక్షగా వేయకండి.

పట్టా మన పేరున ఉన్నా లేకున్నా, ఇంట్లో మనం ఉండేది కొన్నేళ్లే. మన తరువాత ఆ ఇంటికి వచ్చేవారిని మనం ఎన్నుకోలేము. మనం ఉన్నన్నాళ్లు ఆ తలుపు ఎవరికి తెరిచామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.